గట్టు దాటని రాళ్ళు

ఇమ్మానియేలు మిలట్రీలో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసి, హవల్దారుగా రిటైరై, సొంత ఊరు సాలిపాలెం తిరిగొచ్చాడు. సత్తెనపల్లికి పడమటి వైపు, సాగర్ నీళ్ళు పారే ఒక కాలువ చిట్టచివర ఉంది ఆ ఊరు. మాజీ సైనికుడని ప్రభుత్వం అతనికి రెండెకరాలు ఇచ్చింది. అందులో మిరప వేసుకుని, ఊరి చివర దళితుల పల్లెలో భార్య జయకుమారితో కాపురముంటున్నాడు. ఊళ్ళో చిన్నా పెద్దా అందరూ అతన్ని మిలట్రీ ఇమ్మానియేలు అనేవాళ్ళు.

2003లో సాగర్ సరిగా నిండలేదు. అధికారులు కాలువకు వదిలిన కాసిని నీళ్ళయినా సాలిపాలెం దాకా రాలేదు. పైనున్న వేములమెట్ట వాళ్ళు తమ తూము దగ్గర ఇసుక బస్తాలు వేసి కాలువకు అడ్డుకట్ట కట్టేశారు. డిసెంబరు వచ్చేసరికి సాలిపాలెం మిరప తోటలు పూత మీదే తలలు వాల్చేశాయి. కాలువ చూసుకునే లస్కరు వెళ్ళి బస్తాలు తీయమంటే అతని సైకిలు కాలువలో పడేశారు. ఆఫీసుకు వెళ్ళి మొరపెట్టుకుంటే చూస్తామన్నారు.

ఒక సాయంత్రం ప్రెసిడెంటు ప్రేమ్‌చంద్ కబురు పంపాడు. ఇమ్మానియేలు వెళ్ళేసరికి వసారాలో ఊరి రైతులు కూర్చుని ఉన్నారు. ప్రేమ్‌చంద్ తన పక్కనున్న కుర్చీ చూపించాడు. ఆ ఇంటి వసారాలో ఇమ్మానియేలుకు కుర్చీ చూపించడం అదే మొదలు. అతను కాస్త తటపటాయించి కూర్చున్నాడు.

"ఎల్లుండి పొద్దున్నే తూము దగ్గరికి పోతున్నాం ఇమ్మానియేలూ. ఊరంతా వస్తది. బస్తాలు పీకాల, నీళ్ళు తెచ్చుకోవాల. వాళ్ళు ఊరుకోరు. నువ్వు యుద్ధాలు చూసినోడివి. మనోళ్ళు ఎక్కడ నిలబడాలో, ఎట్టా కొట్టాలో నువ్వే చెప్పాల."

"ఇంకోసారి పెద్దమనుషుల్ని పంపి చూస్తే బాగుండుద్దేమోనండీ."

ప్రేమ్‌చంద్ నవ్వాడు. "మనిషి మాటతో వినే జాతి కాదయ్యా. కొట్టుకోవడం రక్తంలోనే ఉంది. లేకపోతే ఇన్ని రాజ్యాలు, ఇన్ని సైన్యాలు ఎందుకు? నీకు జీతం ఎందుకిచ్చారు?"

ఇమ్మానియేలు నమ్మకమూ దాదాపు అదే. శ్రీలంక వెళ్ళిన సైన్యంలో ఉన్నాడు, సరిహద్దుల్లో కాపలా కాశాడు, చివరి ఏళ్ళలో కొత్తగా చేరిన కుర్రాళ్ళకు తుపాకి నేర్పాడు. మనుషులున్నంత కాలం యుద్ధాలుంటాయని అనేకసార్లు అనుకున్నాడు.

"నేనొస్తానండీ. కానీ ఒక్క మాట. నాటు బాంబులు వద్దు. అవి తెస్తే నేను రాను."

ప్రేమ్‌చంద్ స్తంభానికి ఆనుకుని నిలబడ్డ యలమంద వైపు చూశాడు. యలమంద అతని ట్రాక్టరు డ్రైవరు. ఎన్నికలప్పుడూ గొడవలప్పుడూ ప్రేమ్‌చంద్ ఏం చెబితే అది చేసేవాడు. "సర్లే, వద్దులే" అన్నాడు ప్రేమ్‌చంద్.

ఇంటికొచ్చాక జయకుమారి బియ్యం కడుగుతూ అడిగింది. "ఏం చెప్పి వచ్చావు?"

"పద్ధతిగా నిలబడ్డం నేర్పుతానన్నా. ఇష్టమొచ్చినట్టు పోతే మనోళ్ళ తలలే పగుల్తయ్."

"అవతలోళ్ళయి పగలొచ్చా?"

"మన చేను ఎండిపోవట్లా?"

"ఎండిపోతాంది. నేనూ చూస్తన్నాగా." ఆమె బియ్యం ఎసట్లో పోసి మూత పెట్టింది.

మర్నాడు దాచేపల్లి వైపు గనుల నుంచి రెండు ట్రాక్టర్ల నాపరాతి ముక్కలు వచ్చాయి. పలచగా, అంచులు కత్తుల్లా ఉండే తెల్లటి రాళ్ళు. ఊరి వెనక బీడు నేలలో ఒంటరిగా ఉన్న తాటిచెట్టుకు కాలువ వెడల్పంత దూరంలో ఇమ్మానియేలు గీత గీశాడు. మగవాళ్ళను వరసలో పిలిచి విసిరించాడు. నూటికి ఎనభై మంది మానుకు తగిలేలా కొట్టారు. అందరిలోకీ చెంచయ్య చెయ్యి గొప్పది. ముప్పై ఏళ్ళవాడు, మూడెకరాలు కౌలుకు తీసుకుని మిరప వేశాడు. అతని తోటే అందరికంటే ముందు వాడింది. అతను విసిరిన ప్రతి రాయీ మానుకు ఠప్పున తగిలి బెరడు లేపేసింది.

"ఇది చెట్టు కాబట్టి ఇంతే మిలట్రీ అన్నా. రేపు నజీరు బుర్రనుకో, ఇంకా బాగా తగులుద్ది."

అందరూ నవ్వారు. నజీర్ వేములమెట్ట మెకానిక్కు. రెండు ఊళ్ళ మోటార్లూ అతని చేతి మీదే నడిచేవి.

ఇమ్మానియేలు నవ్వలేదు. కుర్రాళ్ళకు నేర్పినట్టే వీళ్ళకూ నేర్పాడు. "అవతలోడి మొహం చూడమాకండి. రొమ్ము చూడండి. అక్కడికే విసరండి." ఆ సాయంత్రం ఇంటికి నడుస్తూ రేపు నలుగురైదుగురు చస్తారని లెక్క వేసుకున్నాడు. నాపరాయి తలకు తగిలితే బతకడం కష్టం. ఆ దూరానికి వీళ్ళ గురి తప్పదు.

అనుకున్న పొద్దున మంచు బాగా పట్టింది. సాలిపాలెం వాళ్ళు తూముకు దిగువన కుడి గట్టు మీద బారుగా నిలబడ్డారు. ఇమ్మానియేలు చెప్పినట్టు అడుగడుగునా రాళ్ళ కుప్పలు పోసుకున్నారు. ఎదురుగా ఎడమ గట్టు మీద మంచులోంచి ముందు గొంతులు వినిపించాయి, తర్వాత మనుషులు కనబడ్డారు. వేములమెట్ట వాళ్ళు రోడ్డు పని కోసం తెచ్చిన నల్ల కంకర తట్టల్లో మోసుకొచ్చారు. రెండు గట్ల మధ్య కాలువ ఎండి, అడుగు బురద నెర్రెలు బారి ఉంది.

తిట్లు మొదలయ్యాయి. తల్లుల్నీ, చచ్చిపోయిన తాతల్నీ ఎవరూ వదిలిపెట్టలేదు. మొదటి రాయి ఏ గట్టు నుంచి లేచిందో తర్వాత ఎవరూ చెప్పలేకపోయారు. ఒకటి లేచింది. వెంటనే వందలు లేచాయి.

ఇమ్మానియేలు తూము పక్కనున్న ఎత్తు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డాడు. అక్కణ్ణుంచి రెండు వైపులా కనబడుతుంది. మొదటి విడత రాళ్ళు కాలువలోనే పడ్డాయి. భయం వల్లేలే అనుకున్నాడు. "గట్టిగా! ఇంకా గట్టిగా!" అని అరిచాడు. రెండో విడతా కాలువలోనే పడింది. అవతలి కంకర కూడా గాల్లో లేచి, మధ్య దాకా కూడా రాకుండానే దబదబమని బురద మీద రాలింది.

మంచు విడిపోయింది. ఎండ వచ్చింది. రాళ్ళు లేస్తూనే ఉన్నాయి. మెడల మీద నరాలు ఉబ్బుతున్నాయి, గొంతులు బొంగురుపోతున్నాయి, చొక్కాలు చెమటతో తడిసిపోయాయి. ఇటువాళ్ళ మీద ఒక్క కంకర రాయి పడలేదు. అటు గట్టు మీద ఒక్క నాపరాయి పడలేదు.

ఇమ్మానియేలు అరవడం మానేశాడు. చెంచయ్యను చూడసాగాడు. చెంచయ్య రాయి ఎత్తాడు, ఒళ్ళంతా వెనక్కి వంచాడు, పళ్ళు కొరికాడు, ముందుకు ఊగాడు. రాయి చెయ్యి దాటే చివరి క్షణంలో అతని మణికట్టు కాస్తంత కిందికి వంగింది. రాయి కాలువలో పడింది. చెంచయ్య దాని వంక చూడనైనా చూడకుండా ఇంకోటి అందుకున్నాడు. మళ్ళీ అదే ఊపు, మళ్ళీ అదే వంపు. అతని మొహంలో మోసమేమీ లేదు. చంపేస్తానని అరుస్తున్నాడు, అది నిజమనే నమ్ముతున్నాడు. ఎదుటి గట్టు మీద నజీరూ అంతే, అతని పక్కవాడూ అంతే. వందల చేతులు ఒక్కలాగే చివరి క్షణంలో వంగుతున్నాయి. ఎవరూ ఎవరితోనూ కూడబలుక్కోలేదు. ఎవరికి వాళ్ళకే తెలియదు.

ఇమ్మానియేలు తువ్వాలు దించి తూము గోడ పట్టుకున్నాడు.

అతనికి జాఫ్నాలో ఒక తాటితోపు గుర్తొచ్చింది. అప్పుడతను మామూలు సిపాయి. ఎదురుగా ఇళ్ళ మధ్య నుంచి మనుషులు పరిగెడుతూ కాలుస్తుంటే, తనవాళ్ళతో పాటు పడుకుని చాలాసేపు కాల్చాడు. అంతా అణిగాక తలెత్తి చూస్తే తోపులో తాటిమట్టలన్నీ తూట్లు పడి వేలాడుతున్నాయి. తుపాకి సాధన చేసే రేంజిలో అతని గురికి బహుమతులొచ్చేవి. ఆ రోజు మాత్రం తుపాకి కొన తనకు తెలియకుండానే పైకి లేచిందని అతనికి అర్థమైంది. పిరికివాణ్ణనుకున్నాడు. ఆ సిగ్గు ఇన్నేళ్ళూ ఒంటరిగా మోశాడు. అన్ని మట్టల్లో అన్ని తూట్లు ఒక్కడి తుపాకివి కావని, పక్కన పడుకున్నవాళ్ళ తుపాకులు కూడా పైకి లేచి ఉంటాయని ఈ గట్టు మీద ఇప్పుడు తట్టింది. శిక్షణ కేంద్రంలో కుర్రాళ్ళ చేత మనిషి ఆకారం గీసిన అట్టను నెలల తరబడి ఎందుకు కొట్టించేవాళ్ళో కూడా ఇప్పుడే తెలిసింది. దేన్ని వాళ్ళలోంచి తీసెయ్యడానికి తనకు జీతమిచ్చారో అది ఎదురుగా కనబడుతోంది. ఎవరూ నేర్పకుండానే ఉంది.

కింద ప్రేమ్‌చంద్ గొంతు వినిపించింది. "ఏందయ్యా ఈ గోల! పొద్దున్నించీ ఒక్కడి తల పగల్లా. యలమందా, ఆ బుట్ట దింపు!"

యలమంద ట్రాక్టరు మీద వరిగడ్డి పక్కకు లాగి వైరు బుట్ట బయటికి తీశాడు. పైన గోనెపట్టా కప్పి ఉంది. లోపల ఏముందో పల్నాట్లో పుట్టినవాళ్ళకు వేరే చెప్పక్కర్లేదు.

ఇమ్మానియేలు ఆలోచించలేదు. తువ్వాలు భుజాన వేసుకుని గట్టు దిగి, రాళ్ళు పడుతున్న కాలువలోకి నడిచాడు.

"ఒరేయ్, మిలట్రీ ఆయన దిగాడు! ఆపండ్రా!"

"ఇమ్మానియేలూ, పైకి రా! చస్తావు!"

అప్పటికే గాల్లో ఉన్న రాళ్ళు కొన్ని అతని వెనకా ముందూ పడ్డాయి. తర్వాత ఇంకేమీ పడలేదు. అంత గోలా ఆగిపోతే తూము దగ్గర ఇసుక బస్తాల సందుల్లోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారే చప్పుడు వినబడింది.

కాలువ మధ్యకు వచ్చి అతను ఆగిపోయాడు. పైనుంచి తను చూసింది సగమేనని అక్కడికి వచ్చాక తెలిసింది. సాలిపాలెం వైపున తెల్లటి నాపరాళ్ళు కుప్పలుగా పడి ఉన్నాయి. వేములమెట్ట వైపున నల్లటి కంకర పరుచుకుని ఉంది. రెండింటి నడుమ, కాలువ పొడుగునా, బారెడు వెడల్పున నెర్రెలు బారిన ఉత్త బురద. దాని మీద ఒక్క రాయి లేదు. ఎవరో ముగ్గుపిండితో గీసి ఇచ్చినట్టు ఆ ఖాళీ జాగా తూము నుంచి మలుపు దాకా సాగిపోయింది. ఇమ్మానియేలు అందులో నిలబడి అటూ ఇటూ చూశాడు. చర్చిలో కూడా అతనికి ఎన్నడూ అలా అనిపించలేదు. పెద్దగా మాట్లాడితే తప్పేమో అనిపించింది.

"నజీరూ," అని పిలిచాడు. "ఇట్టా దిగిరా. ఒకటి చూద్దువుగాని."

"నన్ను కొట్టిస్తావా అన్నా?"

"నీ రాళ్ళు చూపిస్తా. రా."

నజీర్ చేతిలోని కంకర కింద పడేసి, పక్కవాళ్ళు లాగుతున్నా దిగి వచ్చాడు. ఇమ్మానియేలు పక్కన నిలబడి అతను చూపించిన వైపు చూశాడు. కాసేపటికి వంగి ఒక కంకర రాయి తాకాడు.

"అల్లా... అన్నా, నేను గట్టిగానే విసిరా. నిజంగా గట్టిగానే విసిరా."

"తెలుసు. నేను చూశా."

సాలిపాలెం గట్టు మీద నుంచి చెంచయ్య దూకుతూ వచ్చాడు. కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. "ఏంది ఈ నాటకం? నా తోట చస్తావుంటే నువ్వు వీడితో కబుర్లు చెప్తన్నావా? నావి అటు పడలేదంటావా?"

"నువ్వే చూసుకో చెంచయ్యా."

చెంచయ్య చూశాడు. తెల్లరాళ్ళ కుప్ప అంచు దాకా వచ్చి, అక్కడి ఖాళీ జాగా చూసి, మళ్ళీ కుప్ప చూశాడు. ఒక నాపరాయి తీసుకుని వేములమెట్ట గట్టు మీద మనుషులు లేని చోటు చూసి విసిరాడు. ఆ రాయి ఎండలో తళుక్కుమంటూ గట్టు దాటింది, గట్టు మీది తుమ్మచెట్టు దాటింది, అవతలి పత్తి చేలో ఎక్కడో పడింది. రెండు గట్ల మీది తలలూ దాని వెంట తిరిగాయి.

చెంచయ్య తన కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని, అది వేరొకరిదన్నట్టు తిప్పి చూసుకున్నాడు. "ఇది నా చెయ్యేనా అన్నా?" అన్నాడు చిన్నగా. తర్వాత బురదలో చతికిలబడి ఏడ్చాడు. తోట కోసం ఏడ్చాడో, చెయ్యి కోసం ఏడ్చాడో అక్కడెవరూ అడగలేదు.

ఒకరి వెనక ఒకరు గట్లు దిగి వచ్చారు. కౌగిలింతలేమీ లేవు. తిట్లు కూడా ఆగలేదు. రాళ్ళ మీదే నిలబడి నీళ్ళ గురించి వాదులాడుకున్నారు. అయితే మాటల మధ్యలో ప్రతివాడూ తల వంచి ఆ ఖాళీ జాగా చూసేవాడు. కొందరు చెప్పులు విడిచి దాన్ని దాటారు. ఎందుకు విడిచారో వాళ్ళకే తెలియదు.

పైన ప్రేమ్‌చంద్ యలమందను తోస్తున్నాడు. "ఎట్టా వెయ్యనండీ, కింద మనోళ్ళూ ఉన్నారు గదా!" అని యలమంద బుట్టను గడ్డిలోకి తోసేశాడు.

పోలీసు జీపు వచ్చేసరికి పొద్దు బాగా ఎక్కింది. ఎస్సై దిగీ దిగగానే "దెబ్బలు తగిలినోళ్ళు ఎక్కడ?" అని అడిగాడు.

"ఒకాయనే ఉన్నాడండీ," అన్నాడు నజీర్. వేములమెట్ట ముసలాయన కాలి బొటనవేలికి గుడ్డ చుట్టుకుని ముందుకొచ్చాడు. "నా రాయే జారి నా కాలి మీదే పడిందయ్యా."

ఎస్సైకి కోపం వచ్చింది. "ఏరా, ఆటలా? రెండూళ్ళ జనం పొద్దున్నించీ రాళ్ళేసుకుంటే బొటనవేలా? శవాల్ని ఎక్కడ దాచారు?"

ఇమ్మానియేలు అటెన్షన్‌లో నిలబడి సెల్యూట్ చేశాడు. "సార్, మీరే ఒకసారి కిందికి దిగి చూడండి సార్."

ఎస్సై విసుక్కుంటూనే దిగాడు. కొంతదూరం ఆ జాగా వెంట నడిచాడు. వెళ్ళేటప్పుడు లాఠీతో తొడ మీద కొట్టుకుంటూ వెళ్ళినవాడు, తిరిగొచ్చేటప్పుడు లాఠీ చంకలో పెట్టుకుని, టోపీ తీసి తల తుడుచుకుంటూ వచ్చాడు. "కేసు ఏమని రాయాలయ్యా దీనికి?" అన్నాడు. అతను ఎవర్నీ అడిగినట్టు లేదు.

మధ్యాహ్నం కాలువల ఇంజినీరు వచ్చాడు. ఎస్సై ఎదుట రెండూళ్ళకూ వంతులు పెట్టారు. ఆ రాత్రే బస్తాలు తీశారు. నీళ్ళు నురగలు కక్కుతూ సాలిపాలెం వచ్చాయి. చాలామందికి అప్పటికే ఆలస్యమైపోయింది. ఇమ్మానియేలు చేను సగం బతికింది, చెంచయ్య తోట సగం కంటే తక్కువ బతికింది.

ఏప్రిల్లో ఎన్నికలొచ్చాయి. వేములమెట్ట మిల్లు దగ్గర ఒక రాత్రి అవతలి పార్టీ ఊరేగింపు మీద బాంబు పడింది. ఊరేగింపులో వాళ్ళకేమీ కాలేదు. పక్కన టీకొట్టు నడిపే బుడే అనే అతని కాలు పోయింది.

మర్నాడు తెల్లవారగానే యలమంద ఇమ్మానియేలు ఇంటి ముందు నిలబడ్డాడు. కళ్ళు గుంటలు పడి ఉన్నాయి. జయకుమారి మంచినీళ్ళిస్తే తాగకుండా గ్లాసు అరుగు మీద పెట్టాడు.

"మిల్లు గోడ వెనకనుంచి వేశానన్నా. అవతల ఎవరున్నారో నాకు కనపళ్ళా. కనపడితే వేసుండేవాణ్ణి కాదు. నమ్ముతావా?"

బుడే చేతి టీ ఇమ్మానియేలూ తాగాడు. గోడలు, బాంబులు, దూరం నుంచి పేలే ఫిరంగులు, ఇంకా అలాంటివెన్నో ప్రపంచమంతా ఉన్నాయని అతనికి తెలుసు. కాలువలో తను చూసింది వాటి ముందు ఎంత చిన్నదో తెలుసు. అయినా అది తను కళ్ళారా చూసింది.

"నమ్ముతా," అన్నాడు. "కానీ బుడే కాలు తిరిగి రాదు. నేనూ వస్తా, స్టేషనుకు పోదాం పద."

ఇద్దరూ రోడ్డెక్కారు. రెండు వైపులా కల్లాల్లో దక్కిన మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి, అక్కడక్కడా ఎరుపు. వెనకనుంచి చెంచయ్య అద్దెకు తెచ్చుకున్న ట్రాక్టరు వచ్చి ఆగింది. ట్రక్కులో అతని పంట బస్తాలు కొన్నే ఉన్నాయి, గుంటూరు యార్డుకు వెళ్తున్నాడు. యలమందను చూశాడు. రాత్రి జరిగింది అప్పటికే ఊరంతా పాకింది.

"స్టేషనుకా?"

"ఆ."

చెంచయ్య కాసేపు స్టీరింగ్ మీద వేళ్ళు ఆడించాడు. "ఎక్కండి," అన్నాడు.

ఇద్దరూ మిరప బస్తాల మీద కూర్చున్నారు. బండి కదలగానే ఘాటు లేచింది. యలమంద తుమ్మాడు, ఇమ్మానియేలు తుమ్మాడు, ముందు కూర్చున్న చెంచయ్య కూడా తుమ్మాడు. సత్తెనపల్లి దాకా ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు తుమ్ముతూనే ఉన్నారు.